అడగని చెక్క

పోయిన సంవత్సరం కత్తిరి ఎండల్లో మా ఇంటికి గంధపు చెక్క వచ్చింది. నేను తెమ్మనలేదు.

తెచ్చింది మొహిదీన్ సాయిబు. తొండియార్‌పేటలో మా వీధి చివరనున్న దర్గాకు ఆయన పెద్ద. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. కుక్కలు కూడా నీళ్ల లారీ కింది నుంచి కదలని మధ్యాహ్నం పూట, పచ్చ గుడ్డలో చుట్టిన చెక్కను రెండు చేతులతో పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. చెప్పులు విడిచాడు. నేను లోపలికి రమ్మనలేదు.

"జెండా ఎక్కించేసినాము మునిరత్నం. పదకొండో దినం గంధం," అన్నాడు.

"తెలుసు. మైకు మా కిటికీకే గదా కట్టినారు."

"మీ ఇంటి చెక్క తెచ్చినా."

"గంధం తీసే మనిషి పోయింది. మీకు తెలియనిదా? పాడె ముందర నడిచినారు."

"నడిచినా."

"ఇంకా ఏడు తిరగలేదు. సూతకంలో ఉండాము. మా ఇంట్లో పండగల్లేవు."

సాయిబు గడ్డం నిమురుకున్నాడు. "సూతకం పట్టించుకునేదానికి తాత ఏమన్నా బతికుండాడా? ఆయనా పోయినాయనే."

ఆ దర్గాలో పడుకున్న అవులియాను, ఆ సూఫీ సాధువును, మా వీధిలో హిందువులూ ముస్లిములూ అందరూ తాత అనే అంటారు. గంధం రోజు అంటే తాత కన్నుమూసిన రోజు. వాళ్ల లెక్కలో అది పెళ్లిరోజు. బతికినన్నాళ్లూ ఎవరి కోసం తపించాడో ఆ దేవుణ్ణి చేరుకున్న రోజు. అందుకే పెళ్లికొడుక్కి పూసినట్టు సమాధికి గంధం పూస్తారు.

ఆ గంధం మా ఇంటిది. మా ఇంటిదంటే నా భార్య కనకవల్లిది. ఆమె అమ్మ తీసింది, అమ్మమ్మ తీసింది, ఆ పైన ఎవరెవరో తీశారు. కూతురు లేకపోతే కోడలు. సానరాయి ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి మనిషి తీయాలి. తీస్తూ పాడాలి. ఎన్నో తరాల కిందట ఒక ఫకీరు కట్టిన పాట. తెలుగులో కట్టాడు, ఎందుకంటే అప్పుడు గంధం తీసే ఆవిడకు తెలుగు తప్ప మరొకటి రాదు. పాట కాగితం మీద లేదు. దర్గావాళ్లకు మాటలు తెలిసినా వాళ్లు పాడకూడదు. గంధం ఇచ్చే ఇంటి నోటి నుంచే రావాలి.

"ఈ ఏడు వద్దు సాయిబూ," అన్నాను. "ఈ ఏడే కాదు, ఇంకెప్పుడూ వద్దు."

"నేను తీస్తాను మామయ్యా," అని వెనక నుంచి వినబడింది.

మా కోడలు వైదేహి. తెనాలి పిల్ల. కంప్యూటరు ఉద్యోగం. వారంలో మూడు రోజులు ఇంట్లోనే ఆ పెట్టె ముందు కూర్చుని ఇంగ్లీషులో ఎవరితోనో మాట్లాడుతూ ఉంటుంది. చెవులకు తగిలించుకునేది మెడలోకి జార్చుకుని, నన్ను దాటి గుమ్మంలోకి వెళ్లి చున్నీ చాపింది. సాయిబు అందులో చెక్క పెట్టాడు. ఇద్దరూ నా ముఖం చూడలేదు.

*

ఎందుకు వద్దన్నానో చెప్పాలి.

అంతకు ముందటి ఏడు కనకవల్లికి గుండె సగమే పని చేస్తోందని డాక్టరు చెప్పాడు. నేల మీద కూర్చోకూడదు, చేత్తో బలం పెట్టకూడదు. ఆమె తల ఊపింది. జెండా ఎక్కగానే అటక మీద నుంచి సానరాయి దించమంది. నేను దించలేదు. కొడుకు మోహన్‌రాజ్ చేత దించించింది.

మూడు మధ్యాహ్నాలు గంధం తీసింది. నాలుగు చుట్లు తిప్పేది, ఊపిరి కోసం ఆగేది. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చూస్తూ ఉంటే ఆపుతుందేమోనని.

"ఏమే," అన్నాను చివరికి. "నలభై ఏండ్లుగా చేస్తా ఉండావు. ఒక్కసారన్నా నోరు తెరిచి అడిగినావా? ఈసారి అడుగు. నీ గుండె సంగతి అడుగు."

"ఎవర్ని?"

"మీ తాతనే."

ఆమె నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. "అడిగేదానికి తీస్తే అది బేరం గదయ్యా. గంధం ఎట్లవుతుంది?"

"నాకోసం అడుగు."

ఆమె చెక్క మీద రెండు నీటి బొట్లు వేసుకుంది. 

గంధం రోజు తర్వాత ఇరవై ఆరో నాడు పోయింది. అడిగి ఉంటే బతికేదని నేను అనను. చదివింది ఏడో తరగతే గానీ నేను వెర్రివాణ్ణి కాను. కానీ అడిగి ఉండాల్సింది. ఉత్త మాటకైనా అడగాల్సింది. ఒకడు ఎదురుగా కూర్చుని నాకోసం అన్నప్పుడు అడగని మనిషిని ఏమనాలి? నేను ఆమెను క్షమించలేదు. ఆ దర్గానూ క్షమించలేదు. ఆ వైపు వెళ్లాల్సి వస్తే పక్క సందులోంచి తిరిగి వెళ్లేవాణ్ణి.

*

రెండో నాడు టీ కొట్టు దగ్గర తంగరాజ్ పట్టుకున్నాడు. దర్గాకు లైట్లు, పందిరి అతనివే. పండగ కమిటీలో కూడా ఉన్నాడు.

"ఏమన్నా, మీ ఆంధ్రా కోడలు గంధం తీస్తుందంట?"

"వింటా ఉండాను."

"పాడుతుందంట?"

"పాడనీ."

"అదిగాదన్నా. కమిటీలో పిల్లోళ్లు ఏమంటా ఉండారంటే, ఏటేటా ఒక ఇంటి ముందర పోయి నిలబడేదేంది, పురసవాక్కంలో గంధం పొడి అమ్ముతారు, పన్నీటిలో కలిపితే అర నిమిషం పని అని. సాయిబు ఒప్పుకోలేదు. ఈ ఒక్క ఏడు చూస్తామన్నారు. సమాధికి పెట్టే వెండి గిన్నె నిండి, పాట నిండితే సరి. లేకుంటే పొడి. ఒకసారి పొడి వచ్చేసిందంటే మళ్లీ చెక్క రాదు, తెలుసు గదా."

"రాకపోతే పోనీ."

"నీకేంలే. ఊరికే చెప్పినా." టీ గ్లాసు బల్ల మీద పెట్టి నవ్వాడు. "ఆయమ్మ కాల్‌సెంటర్ ఇంగ్లీషులో పాడేస్తే తాత లేచి కూర్చుంటాడు."

 నా టీ తాగకుండా వచ్చేశాను.

ఇంటికొస్తే మిద్దె మీద నుంచి పాట. వైదేహి నీళ్ల ట్యాంకు నీడలో సానరాయి పెట్టుకుని కూర్చుంది. భోజనం వేళ ఆఫీసువాళ్లు ఇచ్చే గంటలో ఎక్కినట్టుంది. పెళ్లయ్యాక రెండేళ్లు ఆడవాళ్ల గుంపు వెనక నిలబడి వింది ఈ పిల్ల. అంతే. అయినా రాగం తప్పలేదు. గొంతు కూడా గట్టిదే. నేను మెట్ల మీదే ఆగిపోయాను.

*అరిగేదెవ్వరు తాతా సాన మీద*
*చెక్కను చూపితిని, అరిగింది నేను*

చరణాలు ముందువి వెనక, వెనకవి ముందు. రాయి చరణం రెండోది కావాలి, నాలుగోది చేసింది. పళ్లు బిగపట్టుకుని విన్నాను. ఆఖరున ఒక్క క్షణం ఆగి, గొంతు పెంచి మొదలుపెట్టింది.

*కోరిన వరములు ఒసగే తాతకు మంగళం, జయ మంగళం*

మిగిలిన మెట్లు ఎలా ఎక్కానో తెలియదు.

"ఆపు," అన్నాను. "ఏంది అది?"

వైదేహి చెక్క పట్టుకునే తలెత్తింది. "ఏది మామయ్యా?"

"ఆ మంగళం. ఎవరు నేర్పినారు?"

"ఎవరూ నేర్పలేదండీ. అత్తయ్య ఏడు దఫాలు గిన్నెలోకి తీసేవారు. నాకు ఆరు చరణాలే దొరికాయి. పోయినేడు ఏడోసారికి ఆవిడ గొంతు వినబడలేదు. ఏ పాటైనా చివర మంగళమే కదా. మా అమ్మావాళ్లు అన్నిటికీ అదే పాడతారు."

"మీ అమ్మావాళ్లు గుళ్లో పాడుకోనీ. ఈ పాటలో మంగళం లేదు. వరములు లేవు. ఈ పాటలో అడగరు."

"ఎందుకడగరు?"

"అడగరు, అంతే."

నోట్లోంచి వచ్చాక ఆ మాట ఎవరిదో నాకు తెలిసింది. వైదేహికి తెలియదు. ఎండ కళ్లలో పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది.

"అయితే మీకు వచ్చా పాట?"

నాకు రాకపోవడమేమిటి? ఊత్తుకోట దగ్గర మా పల్లె బడిలో వరదయ్య పంతులు పద్యం ఒకసారి చదివేవాడు. రెండోసారి మేము అప్పజెప్పాలి. పాదం తప్పితే బెత్తం. ఒకసారి విన్నది మరిచిపోవడం నాకు చేతకాదు. మంచిదైనా, చెడ్డదైనా. నలభై ఏళ్లు విన్న పాట. విననట్టు ముఖం తిప్పుకుని విన్నాను.

"రాయి చరణం రెండోది," అన్నాను. "మొదటి నుంచి చెప్పు. చెక్కను నొక్కబాక. నొక్కితే పలుకులొస్తాయి. చెయ్యి చెక్క మీద ఉండాదని చెక్కకు తెలియకూడదు."

*

తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు ఇనుము చెక్కే లేతు మిషను మీద పని చేశాను. నా చేతి షాఫ్టుకు ఇన్‌స్పెక్టరు గేజి పెట్టి కొలిచేవాడు కాదు. సరిగా రాని పని చూస్తూ ఊరుకోవడం నాకు రాదు. నేర్పింది అందుకే. వేరే కారణం లేదు.

ఏడు రోజులు నేర్పాను. మధ్యాహ్నం గంటలో మిద్దె మీద, సాయంత్రం వరండాలో. కరెంటు పోతే విసనకర్ర తీసుకుని నేనే విసిరాను, ఆమె చెమట రాయి మీద పడకుండా. ఒకరోజు తీసిన గంధం వేళ్ల మధ్య రుద్ది, "ఇది గంధమా, గోడకు పూసే సున్నమా?" అని ట్యాంకు పక్కన పారబోశాను. వైదేహి కిందికి దిగిపోయింది. ఏడుస్తుందేమో, మానేస్తుందేమో అనుకున్నాను. ముఖం కడుక్కుని, అరచేతుల్లో బొబ్బలకు గుడ్డ చుట్టుకుని మళ్లీ ఎక్కింది.

"ఇప్పుడు చూడండి," అంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర మోహన్‌రాజ్ ఆమె చేతులు చూశాడు. "విడు నైనా, ఎందుకిట్ల చేస్తా ఉండావు? ఇది ఆఫీసు పని చేసే చెయ్యి. కీబోర్డు కొట్టేదెట్ల?"

"మీరూరుకోండి," అంది వైదేహి. "మామయ్య బాగానే చెప్తున్నారు."

వాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తమిళంలో ఏదో గొణుక్కుని పెరుగు కలుపుకున్నాడు. వాడికి తెలుగు చదవడం రాదు. అది నా తప్పే. ఆ సంగతి వాడి పెళ్లాం దగ్గర ఒప్పుకోవడం ఇష్టం లేక నేనూ పెరుగు కలుపుకున్నాను.

ఏడో రోజుకు ఆమె చేతిలో గంధం వెన్నలా దిగింది. నేను బాగుందని అనలేదు. పారబోయలేదు. ఆమెకు అది అర్థమైంది.

ఆరు చరణాలు నేర్పాను. ఏడోది చెప్పలేదు. అది నాకు తెలియక కాదు.

*

తొమ్మిదో నాడు సాయిబు గంధం చూడడానికి వచ్చాడు. ఈసారి వరండాలో కుర్చీ వేశాను. వైదేహి మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఎదురుగా కింద కూర్చుంది.

"సాయిబుగారూ, నాకు మాటలొచ్చాయి గానీ అర్థం రాలేదు. మామయ్యనడిగితే అరిగిపోవడమే అర్థం అంటారు."

"తప్పేమీ చెప్పలేదే," అన్నాడు సాయిబు. మజ్జిగ సగం తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "చెక్క అంటే మనిషమ్మా. నేను, నాది అనే గట్టితనం. రాయి అంటే గురువు. కొందరికి గురువు దొరుకుతాడు, కొందరికి కష్టం దొరుకుతుంది. రెండూ రాయే. ఆ రాయి మీద 'నేను' అనేది అరిగిపోవాల. మా పెద్దోళ్లు దాన్నే ఫనా అంటారు. లేకుండా పోయేది. చచ్చేది గాదు. చక్కెర పాలల్లో లేకుండా పోతుందే, అట్ల."

"మరి నీళ్ల చరణం?"

"నీళ్లు ప్రేమ. అదే ముఖ్యం. నీళ్లు లేకుండా రాయి మీద చెక్కను రుద్ది చూడు, ఏమొస్తుంది?"

"పొట్టు," అన్నాను నేను. లేతు మీద పనిచేసినవాడికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

"పొట్టు," అన్నాడు సాయిబు నా వైపు చూడకుండా. "అరిగేది అందరమూ అరుగుతామమ్మా. కష్టం ఎవర్ని విడిచింది? కానీ ప్రేమ లేకుండా అరిగినోడు పొట్టు పొట్టుగా రాలిపోతాడు. గాలికి పోతాడు. తడి ఉన్నోడే గంధమవుతాడు. ఈ పాటలో చెప్పింది ఇంతే."

వైదేహి గుడ్డ చుట్టిన అరచేయి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "ఇంతా అరిగాక చెక్కకు ఏం దొరుకుతుంది? చివర అది చెప్పాలి కదా పాట. అత్తయ్య ఏడు దఫాలు తీసేవారని నాకు బాగా గుర్తు. ఏడో చరణం ఉందా?"

సాయిబు మజ్జిగ గ్లాసు తీసుకున్నాడు. "మీ ఇంటి పాట. నేను చెప్పకూడదు. మీ మామనడుగు."

ఇద్దరూ నా వైపు చూశారు.

"ఆరే," అన్నాను.

సాయిబు మజ్జిగ పూర్తిగా తాగాడు. లేచాడు. గుమ్మం దగ్గర ఒక కాలు చెప్పులో పెట్టి, "వెండి గిన్నె పెద్దది మునిరత్నం," అన్నాడు. రెండో కాలు పెట్టుకుని వెళ్లిపోయాడు.

*

గంధం రోజు మోహన్‌రాజ్‌కు సెలవు దొరకలేదు. సానరాయి పదిహేను కిలోలు. వైదేహి ఎత్తబోతే, "పక్కకు జరుగు," అని నేనే భుజాన వేసుకున్నాను. దర్గా దాకా మోశాను. గడప ఇవతలే దించి, లోపలికి చేర్చమని తంగరాజ్‌కు చెప్పి, గోడకు ఆనుకుని బయట నిలబడ్డాను. వెళ్లిపోదామనే అనుకున్నాను.

సాయంత్రం, పొద్దు వాలకముందు చేసే నమాజు అయింది. లోపల ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. మా వీధివాళ్లే కాక హార్బరు వైపు నుంచి కూడా వచ్చారు. అంతకు ముందు మూడు రోజులు తీసిన గంధం బిందెలో ఉంది. అది ఊరేగింపులో పంచడానికి. సమాధి నుదుటికి పెట్టేది మాత్రం అందరి ముందూ, పాటతో, వెండి గిన్నెలోకి తీయాలి. ఏడు చరణాలు, ఏడు దఫాలు. గిన్నె వెనక పళ్లెంలో పొడి పొట్లం, పన్నీటి సీసా. కమిటీ కుర్రవాళ్లు తెచ్చి పెట్టారు.

వైదేహి పసుపు చీర కట్టింది. కొంగు నడుముకు చుట్టి కూర్చుంది. మొదలుపెట్టింది.

నేను గడప బయట, లోపల కనబడే చోట ఉన్నాను. అయినా ఆమె గొంతు గోడదాకా వచ్చింది. ఎక్కడా వణకలేదు. మొదటి చరణం, గిన్నెలోకి ఒక దఫా. రాయి చరణం, ఇంకొక దఫా. నా పక్కన నిలబడ్డ ఒక చేపలమ్మే ఆవిడ తమిళంలో అడిగింది, ఎవరి పిల్ల ఇది అని. మా కోడలు అన్నాను. మళ్లీ అడగకపోయినా, తెనాలి నుంచి వచ్చింది, ఏడు రోజుల్లో నేర్చుకుంది అని కూడా చెప్పాను.

*బొట్టు బొట్టుగ నీవె పడితివి తాతా*
*పొట్టునై రాలక గంధమైతిని*

ఆరో చరణం అయిపోయింది. గిన్నెలో వేలెడు వెలితి.

వైదేహి గిన్నె చూసింది. చెక్క తిప్పడం ఆపలేదు. రాయి మీద చెక్క తిరుగుతున్న చప్పుడొక్కటే. ఆడవాళ్లలో ఎవరో, "మంగళం పాడెయ్యి పిల్లా," అని గుసగుసగా అన్నారు. వైదేహి పాడలేదు. తలెత్తి గడప వైపు, నా వైపు చూసింది.

ఆ చూపులో ఆశ్చర్యం లేదు. కోపం లేదు. నేను ఆరే అని చెప్పినప్పుడే అది అబద్ధమని ఆమెకు తెలుసు. తెలిసి రెండు రోజులు అదే ఇంట్లో నాకు అన్నం పెట్టింది. ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు. చూసి, తల దించుకుని, ఇంకో నీటి బొట్టు వేసుకుని తిప్పుతోంది. చేతికి కట్టుకున్న గుడ్డ విప్పేసినట్టుంది. చెక్క మీద బొబ్బ చితికిన తడి నాకు అంత దూరం నుంచి కూడా కనబడింది.

కమిటీ కుర్రవాడొకడు వంగి పొడి పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. సాయిబు కళ్లు మూసుకుని ఉన్నాడు.

నా చెప్పులు ఎప్పుడు విడిచానో గుర్తు లేదు. గడప మీద నిలబడి పాడాను.

*నాకేమి ఇత్తువని చెక్క అడగదు తాతా*
*అడిగిన చెక్క పొయ్యి పాలాయె*
*అడగని చెక్క నీ నుదుటి పాలాయె*

నాది పాడే గొంతు కాదు. నూనె లేని చక్రం. మొదటి పాదానికి అందరూ వెనక్కి తిరిగారు. రెండో పాదానికి పొట్లం పట్టుకున్న కుర్రవాడు నిలబడిపోయాడు. మూడోది పాడేటప్పుడు నేను గిన్నెనే చూస్తున్నాను. వైదేహి అరచేతి అంచుతో రాయి మీది గంధం ఒక్క దఫాలో ఊడ్చి గిన్నెలోకి వేసింది. అంచుకు సరిగ్గా నిండింది.

"మగోడు పాడినాడే, చెల్లుతుందా?" అన్నాడు తంగరాజ్. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

"ఇంటి నోరు అన్నారు. ఆడనోరు అనలేదు," అన్నాడు సాయిబు. కళ్లు తెరిచి, గిన్నెలోంచి చిటికెడు తీసి బొటనవేలితో రుద్దాడు. ఒక్క పలుకు తగల్లేదు. ఆయన ముఖంలోనే తెలిసింది. "కనకవల్లి చెయ్యి," అన్నాడు.

"కాదు," అన్నాను గడప మీద నుంచే. "వైదేహి చెయ్యి."

కుర్రవాడు పొట్లం జేబులో పెట్టుకున్నాడు.

*

గంధం తీసిన ఇంటివాళ్లు ఊరేగింపుకు ఉండరు. తీసి ఇచ్చి, చేతులు కడుక్కుని, వెనక్కి చూడకుండా ఇంటికి రావాలి. అది కూడా పద్ధతే. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. సానరాయి మోసుకుని నేను ముందు, వైదేహి వెనక. దారిలో తంగరాజ్ మనుషులు లైట్లు ఒక్కొక్కటే వెలిగిస్తున్నారు. ఎదురొచ్చినవాళ్లు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. రాయి బరువుకు భుజం పట్టేసింది గానీ నేను దించలేదు. నిటారుగానే నడిచాను.

ఇంటికొచ్చాక టీ నేనే పెట్టాను. ఆమె చేతులకు కొబ్బరినూనె రాసుకుని, వరండాలో కూర్చుని ఒక నోటుపుస్తకం తెరిచింది. ఆరు చరణాలూ అందులో ఉన్నాయి. గుండ్రటి అక్షరాలు. మా పంతులు చూస్తే మెచ్చుకోకుండా ఊరుకోడు.

"ఏడోది చెప్తారా? రాసుకుంటాను," అంది.

టీ గ్లాసు ఆమె పక్కన పెట్టాను. చెప్పాను. పాడలేదు, ఊరికే చెప్పాను. ఆమె మొదటి పాదం రాసి ఆగింది.

"ఇది ఎందుకు దాచారు మామయ్యా?"

"మీ అత్తతో పేచీ ఉండింది."

"ఈ చరణం గురించా?"

"దీని గురించే."

ఆమె పెన్ను ఎత్తి పట్టుకుని చూసింది. "ఇప్పుడు తీరిందా?"

"లేదు," అన్నాను. "అది మా ఇద్దరిది. పాట నీది. రాయి."